బ్రేకు మీద ఒట్టి పాదం

ఏడవ భాగం

పోయిన వారం మీరు నన్ను వడ్ల గోదాములో వదిలి వెళ్ళారు. గోపాల్‌పేట దాటాక, నాగర్‌కర్నూల్ పోయే దారిలో ఉన్న రేకుల గోదాము అది. పూణె నుంచి వచ్చిన కార్ల కంపెనీ ఈ ఎండాకాలానికి దాన్ని అద్దెకు తీసుకుంది. లోపల నలుపు తెలుపు చుక్కల కాగితం చుట్టిన స్పోర్ట్స్ కారు ఒకటి ఉంది. ఇంకా అమ్మకానికి రాని కరెంటు బండి. నలభై నాలుగు డిగ్రీల ఎండలో అది ఎట్లా నడుస్తుందో చూడాలని మా దగ్గరికి తెచ్చారు. దాన్ని నడిపి చూసే అయిదుగురు డ్రైవర్లలో మా నాయిన ఆశీర్వాదం ఒకడు. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న అఖిల అనే నేను ఆయన పక్క సీట్లో కూర్చుని ఆయన చెప్పింది లాగ్ బుక్కులో రాస్తాను. చేతిరాత బాగుందని నాకు దొరికిన పని అది.

ఈరోజు పొద్దున పూణె నుంచి తరన్నుమ్ మేడం దిగింది. బండి నడక ఎట్లా ఉండాలో చివరిమాట ఆమెది. సాయంత్రం అయిదింటికి బ్రేకు సెట్టింగు ఖాయం చేసి పంపాలి. పంపితే ఇక మార్చరు. ఆమె ఫైలులో ఇంకో కాగితం కూడా ఉంది. నాయినను పర్మినెంటు టెస్ట్ డ్రైవరుగా తీసుకోవాలా వద్దా అన్న కాగితం. దాని మీద ఇంకా సంతకం లేదు.

మధ్యాహ్నం రెండయింది. కూలర్ మోతకు మాట వినబడాలంటే గొంతు పెంచాల్సి వస్తోంది. ప్లాస్టిక్ టేబులుకు ఒకవైపు మేడం, ఎదురుగా లాప్‌టాప్ తెరుచుకుని క్రాంతి కుమార్ సార్. ఈయనది వనపర్తే. ఈ బండి బ్రేకు లెక్కలన్నీ ఆయన రెండేళ్ళ కష్టం. అలంపూర్ పోయొచ్చిన రోజు నుంచి ఆయన నన్ను చూసి నవ్వడం మానేశాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యం నాకెక్కడిది? పంతొమ్మిది రోజుల్లో నేను ఆ గోదాములో గట్టిగా మాట్లాడిన మాట ఒక్కటి లేదు.

"నలుగురు డ్రైవర్లు బ్రేకుకు తొమ్మిది మార్కులేసిన్రు మేడం," అన్నాడు క్రాంతి సార్. "ఒక్క ఆశీర్వాదం అయిదు ఏసిండు. కింద బిడ్డతోని కథ గూడ రాయించిండు. చదువుత, వినుండ్రి. 'బ్రేకు తొక్కితే గంప చేతులు మారినట్టుంది.' గిది రిపోర్టా? గంపలేంది, చేతులేంది?"

గోడ పక్కన నిలబడిన లక్ష్మణ్ కిసుక్కున నవ్వాడు. అతనూ డ్రైవరే.

ఈ బండి బ్రేకు సంగతి మీకు చెప్పాలి. మామూలు కారులో పెడల్ తొక్కితే చక్రాన్ని బ్రేకు పట్టేస్తుంది. ఇందులో అట్లా కాదు. పెడల్ తొక్కగానే ముందు మోటారే బండిని ఆపుతుంది. ఆ ఆగడంలో పుట్టిన కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోతుంది. వేగం బాగా తగ్గాక మోటారుకు ఆపే బలం చాలదు. అప్పుడు అసలు బ్రేకు వచ్చి అందుకుంటుంది. ఈ రెండింటి మధ్య మార్పిడి నడిపేవాడికి తెలియకూడదు. తెలియకుండా చేయడమే క్రాంతి సార్ రెండేళ్ళ పని.

"ఆశీర్వాదమన్నా, నువ్వు చెప్పు," అంది మేడం. ఆమె పుట్టింది గద్వాలలో, పెరిగింది హైదరాబాదులో. తెలుగు మాత్రం మా తెలుగే.

నాయిన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "కాల్వ పనిల మట్టి గంపలు అందిస్తం గద మేడం, వరసల నిలవడి. నేను గంప ఇడిసిన. అందుకునేటోడు జర ఆలస్యం జేసిండనుకో. అప్పుడు గంప నా చేతుల ఉండదు, వాని చేతుల ఉండదు. గాలిల ఉంటది. రెప్పపాటే. గని గా రెప్పపాటుల గుండె జల్లుమంటది. గీ బ్రేకు గట్లనే జేస్తుంది."

"ఎంత స్పీడు మీద?"

"పొద్దుగాల పది మీద. పగటీలి ఎండల ఇరవై అయిదు మీద."

"బ్రేకుకు గూడ ఎండదెబ్బ తగుల్తదా అన్నా?" అన్నాడు క్రాంతి సార్. లక్ష్మణ్ ఈసారి బయటికే నవ్వాడు.

మేడం నవ్వలేదు. "తగుల్తది. బ్యాటరీ బాగ వేడెక్కితే కరెంటు తీసుకోదు. మోటారు తొందరగ చేతులెత్తేస్తది. ఆ సంగతి నీకు నాకన్న బాగ తెల్సు క్రాంతీ."

"తెల్సు మేడం. అందుకే దానికి లెక్క కట్టిన. ఇగో గీత చూడుండ్రి, ఎంత సాఫీగ ఉందో." ఆయన లాప్‌టాప్ తిప్పి చూపించాడు. బండి వేగం తగ్గిన తీరు చూపే నీలం గీత నిజంగానే చెరువు నీళ్ళంత నున్నగా ఉంది. "అసలు బ్రేకును ముందే పట్టుకోమని చెప్పొచ్చు. చెప్తే ఆ కరెంటు పోతది. ఒక్క చార్జింగుకు అయిదువందల కిలోమీటర్లు అని పోస్టరు మీద వేసుకున్నం. నాలుగొందల ఎనభై అయితది. ఒక్క మనిషి గుండె జల్లుమన్నదని ఇరవై కిలోమీటర్లు పారేసుకుందమా?"

"ఈ బండి కొనేటోడు సంతకు పోనీకె కొనడు," అంది మేడం. "మూల తిరిగేటప్పుడు మనసుల నవ్వుకోనీకె కొంటడు. బ్రేకు మీద నమ్మకం ఉంటేనే నవ్వొస్తది. లేకుంటే చేతులు స్టీరింగును పిసుకుతుంటయి." ఆమె నాయిన వైపు తిరిగింది. "గని పొద్దున నేను గూడ రెండుసార్లు నడిపిన అన్నా. నా కాలికి ఏం తెల్వలే."

"లేనిది ఉందంటున్నడు మేడం," అన్నాడు క్రాంతి సార్. గొంతు తగ్గించాడు కానీ కూలర్ మోతలో కూడా నాకు వినబడింది. "అందరూ బాగుందంటే ఈయనకు ప్రత్యేకం ఏముంది? పర్మినెంటు కావాలె గద. టిప్పర్ నడిపిన కాళ్ళకు స్పోర్ట్స్ కారు బ్రేకు తెల్సుడేంది?"

నాయిన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నల్లని కంపెనీ బూట్లు, బొటనవేలంత మందం అడుగు. గోదాములో ఉన్నప్పుడు మాత్రమే ఆయన వాటిని వేసుకుంటాడు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఆయనకు, నాకు.

నాయినకు బండి నేర్పింది గద్వాలలో చోటే మియా ఉస్తాద్. టిప్పర్ ఎక్కేముందు ఉస్తాద్ చెప్పులు కింద విడిచేవాడట. నాయిన ఒకసారి చెప్పులతో ఎక్కితే చెవి మెలిపెట్టి దింపాడట. "అన్నం బెట్టే బండి. కాలితోని దాని మాట ఇను. చెప్పేసుకుంటే చెవుల దూది పెట్టుకున్నట్టే." అప్పటి నుంచి ఇరవై రెండేళ్ళు, టిప్పరైనా, ట్రాక్టరైనా, పూణెలో నడిపిన కాంక్రీటు బండైనా నాయిన చెప్పులతో ఎక్కలేదు.

కంపెనీకి ఒక రూలు ఉంది. బూట్లు లేకుండా ఎవరూ బండి ఎక్కకూడదు. గేటు దాటిందాకా నాయిన బూట్లతో నడుపుతాడు. మలుపు తిరిగాక బండి ఆపి విప్పి నాకిస్తాడు. పెడల్ కిందికి జారకుండా నేను వాటిని నా సంచిలో పెట్టుకుంటాను. లాగ్ బుక్కు మొదటి గడిలో ఇంగ్లీషులో ఒక ప్రశ్న ఉంటుంది. డ్రైవరు బూట్లు వేసుకున్నాడా అని. నేను రోజూ అవునని రాశాను. పంతొమ్మిది అవునులు, ముత్యాల్లాంటి అక్షరాల్లో.

ఇప్పుడు ఆ ముత్యాలే నాకు అడ్డం పడ్డాయి. నోరు విప్పితే నాయిన కొలువు పోవచ్చు. విప్పకపోతే నాయిన మాట పోతుంది. సంతకం పెట్టని ఆ కాగితం మీద 'అబద్ధాలు చెప్తాడు' అని పడుతుంది. అది ఆయన వెంట ఏ ఊరికైనా వస్తుంది.

నాయిన నా వైపు చూశాడు. వద్దు బిడ్డా అన్నట్టు తల చిన్నగా ఆడించాడు. ఆయన తన కోసం ఆపడం లేదు. ఆ అవునులు నా చేతిరాతలో ఉన్నాయి కదా, నన్ను కాపాడుకుంటున్నాడు.

అది చూశాక నాకు భయం పోయింది. ఎట్లా పోయిందో తెలియదు. ఎండిన చింతకాయ పొట్టులా రాలిపోయింది.

"మేడం," అన్నాను. నా గొంతు కూలర్‌ను దాటి వెళ్ళింది. "నాయిన బూట్లేసుకోని నడపడు. ఒట్టికాళ్ళతోని నడుపుతడు. అందుకే ఆయనకు తెల్సింది. మీకు తెల్వలే."

క్రాంతి సార్ లాగ్ బుక్కు లాక్కుని పేజీలు తిప్పాడు. "అవును, అవును, అవును... చూసిన్రా మేడం! రూలు తప్పుడే కాదు, బిడ్డతోని దొంగరాత గూడ రాయించిండు. ఇగ ఈయన మార్కులకు ఏం విలువ?"

"నాయిన రాయమనలే సార్. నేనే రాసిన."

"ఎందుకు రాసినవ్?" అంది మేడం.

"లేదని రాస్తే ఆ దినమే ఇంటికి పంపుతరు మేడం. ఇంత మంచిగ బండి నడిపే మనిషిని."

మేడం నన్ను చూసింది. తర్వాత వంగి తన బూటు చూసుకుంది. అడుగును గోటితో నొక్కింది. గోరు దిగలేదు. "రేసులు నడిపేటోళ్ళు అట్టముక్క లెక్క పల్చటి బూట్లు ఏసుకుంటరు," అంది, ఎవరితోనో కాదు, తనతోనే. తర్వాత లేసులు విప్పింది. సాక్సులు కూడా తీసింది. "ఇది నా పేరు మీద రాయి క్రాంతీ, రూలు నేను తప్పుతున్న. నడువుండ్రి అందరు."

మేడం స్టీరింగు దగ్గర, నాయిన పక్కన. వెనక సీటు పేరుకే సీటు. క్రాంతి సార్ లాప్‌టాప్‌తో ఒక మూల, నేను మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇంకో మూల. పెడల్ మీద పాదం పెట్టగానే మేడం 'స్స్' అంది. ఎండకు కాలింది.

గేటు దాటి రోడ్డెక్కాక ఆమె ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కింది. ఈ బండి ఉరకడం గురించి రెండో భాగంలో చెప్పాను. అయినా మళ్ళీ చెప్పకుండా ఉండలేను. చప్పుడు లేదు, గేరు లేదు, పొట్ట మాత్రం వెనక రోడ్డు మీదే ఉండిపోతుంది. మొదటిరోజు నాయిన చెప్పిన మాట నా డైరీలో ఉంది. "ఇరవై క్వింటాళ్ళ బండి బిడ్డా. బ్యాటరీనే ఐదు క్వింటాళ్ళు దాటుతదంట. గని బరువంత కింద పెట్టిన్రు. నెత్తి మీద గడ్డిమోపు లెక్క ఊగదు. చంకల పిల్ల లెక్క అతుక్కోని వస్తది." మలుపులో మేడం చేతులు అదే చెప్పాయి. స్టీరింగు ఎంత తిప్పితే అంతే తిరిగింది. ఆమె నవ్వింది. ఆమె అన్న నవ్వు ఇదే కాబోలు.

మొదటిసారి మెల్లగా ఆపింది. ఏమీ అనలేదు. రెండోసారి కాస్త గట్టిగా ఆపి, తల పక్కకు వంచి ఆగింది, దూరంగా ఎవరో పిలిస్తే విన్నట్టు.

మూడోసారి ఆపాలని ఎవరూ అనుకోలేదు. మలుపు తిరగగానే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. చుట్టూ రాళ్ళు, నడుమ కాలితో వడ్లు తిరగేస్తున్న యాదమ్మ అనే ముసలామె. ఎదురుగా లారీ వస్తోంది. మేడం బ్రేకు తొక్కింది. వేగం సాఫీగా తగ్గుతూ వచ్చింది, యాభై, నలభై, ముప్ఫై. అప్పుడు, సరిగ్గా ముందు చక్రం వడ్ల అంచు తొక్కినప్పుడు, బండి ఒక రెప్పపాటు మా ఎవరి చేతుల్లోనూ లేదు. గింజల మీద జానెడు జారింది. తర్వాత అసలు బ్రేకు పట్టుకుంది. రాయికి బెత్తెడు దూరంలో ఆగాం.

"అరే!" అంది మేడం.

యాదమ్మ కిటికీ దగ్గరికి వచ్చేసింది. "కండ్లు నెత్తికెక్కినయా? చప్పుడు లేకుంట దయ్యం లెక్క వస్తరేందే! హారన్ గొట్టనీకె చేతులు లెవ్వా?"

"తప్పయింది పెద్దమ్మా," అంది మేడం.

"తప్పయితే దిగి వడ్లు ఎగదొయ్యి. కారుకు సీరె గూడ కట్టిన్రు, సుక్కలది! సోకులకేం తక్కువలే."

మేడం నిజంగానే దిగింది. కాలే తారు మీద ఒట్టికాళ్ళతో ఎగురుతూ, చెదిరిన వడ్లు చేత్తో ఎగదోసింది. నాయిన కూడా దిగి చేయి వేశాడు. యాదమ్మ ఆమె కాళ్ళ వైపు చూసి గొంతు మార్చింది. "అయ్యో బిడ్డా, గింత పెద్ద కారుండి కాళ్ళకు చెప్పుల్లేవా?" అని తన ప్లాస్టిక్ చెప్పులు విప్పబోయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మేడం తిరిగొచ్చి కూర్చుంది. "ఇరవై ఏడు మీద," అంది. "గంప గాలిల ఉండె. ఎంత స్పష్టంగ తెల్సిందన్నా నాకు!" తర్వాత అద్దంలో క్రాంతి సార్ ముఖం చూసింది. "గీతల ఎందుకు లేదు?"

ఆయన లాప్‌టాప్ మీది నుంచి చూపు తిప్పకుండా అన్నాడు, "గీతను నున్నగ చేసే లెక్క ఒకటుంటది మేడం. చిన్న గుంతలు దాంట్ల పూడిపోతయి."

గోదాముకు వచ్చేసరికి నాలుగు దాటింది. మేడం లాగ్ బుక్కులో ఈనాటి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. మొదటి గడి ఖాళీగా ఉంది.

"రాయి," అంది.

నేను నాయినను చూశాను. ఈసారి ఆయన తల ఆడించలేదు. నేను 'లేదు' అని రాశాను. పంతొమ్మిది అవునుల కంటే ఆ ఒక్క మాట నా అక్షరాల్లో బాగా కుదిరింది.

"రూలు తప్పినందుకు మీ నాయినతోని వేరే మాట్లాడుత. అది నేను మాఫ్ చెయ్య," అంది మేడం. "గని బ్రేకు సంగతి పూణె ఒప్పుకోవాలంటే ఒక్క దినం రాత చాలదు. నువ్వేమో పంతొమ్మిది దినాలు అబద్ధం రాసినవ్. నిజం ఎక్కడన్న రాసినవా?"

"డైరీల రాసిన మేడం. ఏ దినం ఎంత ఎండ, ఏ స్పీడు మీద గంప గాలిలకు లేసింది, అన్ని."

"తే."

డైరీ ఎవరికీ ఇవ్వలేదు ఇంతవరకు. అమ్మకు కూడా. సంచిలో నుంచి తీసి ఇచ్చాను. మేడం ఒక్కో పేజీ చదివి, ఒక్కో అంకె ఫైలులోకి ఎక్కించసాగింది. మొదటి రోజు, పదకొండు మీద. నాలుగో రోజు మధ్యాహ్నం, ఇరవై నాలుగు మీద. తర్వాత తొమ్మిదో రోజు, పదో రోజు.

"టైం అయితుంది మేడం," అన్నాడు క్రాంతి సార్. "పది దినాలవి సాలు. మిగిలినవి అక్కెర లేదు."

ఆయన గొంతులో ఏదో ఉంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది, పదకొండో రోజు అలంపూర్. ఆరోజు నేను చూసింది చూసినట్టు రాశాను. రాసేటప్పుడు దానికి అర్థం ఉందని నాకు తెలియదు.

మేడం పేజీ తిప్పి పైకే చదివింది. "'సార్ తాను వచ్చిన కారులోనే బూట్లు విడిచి గుడికి పోయాడు. నేల కాలుతుంటే ఒట్టికాళ్ళతో పరుగెత్తుకొచ్చి, నాయినను దించి తానే మా బండిని నీడకు తీశాడు. బ్రేకు తొక్కి ఆగాక తన కాలి వైపు చూసుకున్నాడు. వెనక్కి పోయి మళ్ళీ తొక్కాడు. ఇట్లా మూడుసార్లు చేశాడు. తర్వాత నన్ను చూసి, ఏం రాస్తున్నావని అడిగాడు.'"

కూలర్ ఎవరో ఆపేశారు. లక్ష్మణ్ అనుకుంటాను.

గోడ గడియారంలో అయిదుకు ఇంకా ఇరవై రెండు నిమిషాలు ఉన్నాయి. మేడం డైరీ మూయలేదు. వేలు ఆ పేజీ మీదే పెట్టి తలెత్తింది.

"తొమ్మిది దినాల నుంచి నీకు తెల్సు," అంది. "నీకేం తెల్సో నువ్వే చెప్తవా క్రాంతీ, నన్ను చెప్పమంటవా?"

క్రాంతి సార్ లాప్‌టాప్ మూశాడు. కుర్చీ వెనక్కి జరిపి, వంగి, బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు.